చెవి కింద చుట్టకుదురు

ఆ రోజుల్లో మగవాడికి నొప్పి రావచ్చు గాని, వచ్చినట్టు ఎవరికీ తెలియకూడదు. నా ఎడమ చెవికి జబ్బు చేసినప్పుడు, నేను గుమాస్తాగా పనిచేసే బెజవాడ బట్టల బజారంతా దుకాణాలు కట్టేసి చూడ్డానికి వచ్చిందని మనవలకు చెబుతుంటాను. (రాలేదు. ఒక్కరికీ చెప్పందే ఎలా వస్తారు!) చెవి అంచు మీద నిమ్మకాయంత బుడిపె లేచిందనీ చెబుతాను. కందిగింజంతే. కాని దిండు తగిలితే చాలు, కళ్లలో నీళ్లు తిరిగేవి.

అప్పటికి పెళ్లయి మూడు నెలలు. పెళ్లిచూపుల్లో మామగారి ముందు, "పుట్టాక డాక్టరు మొహం చూడలేదండీ" అని కోతలు కోసి ఉన్నాను. ఇప్పుడు చెవి పట్టుకుని ఏడిస్తే ఏం బాగుంటుంది? అందుకని కుడివైపు, గోడకేసి తిరిగి పడుకోవడం మొదలుపెట్టాను. భార్య ఎడమ పక్కనే పడుకోవాలని మా అమ్మ శాసనం. అంటే, కొత్త పెళ్లానికి నేను వీపు చూపించడమే. వారం తిరిగేసరికి ఒక పొద్దున్న కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, తల దించుకుని, "నేను మీకు నచ్చలేదాండీ? కంకిపాడు మా పుట్టింటికి వెళ్లిపొమ్మంటే వెళ్లిపోతాను" అంది. తలుపు పక్కన సంచీ అప్పటికే సర్దేసి ఉంది.

చెవి చూపించాను. ముందు నవ్వింది, తరవాత ఏడ్చింది, ఆ తరవాత నన్ను రిక్షా ఎక్కించింది.

డాక్టరుగారు బుడిపెను వేలితో నొక్కారు. (నేను అరవలేదు. సరే, అరిచాను.) "భయపడాల్సిందేం లేదు. దిండు ఒత్తిడికి చెవి అంచు వాచింది. ఎడమవైపు పడుకోవడం మానెయ్" అన్నారు. నేను మా ఆవిడకేసి చూసి, "అది మాత్రం కుదరదండీ" అన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వి, "అయితే చెవికి ఏదీ ఒత్తుకోకుండా చూసుకో" అన్నారు.

ఇంటికి రాగానే ఆవిడ చూపు బిందె ఒరగకుండా కింద పెట్టే చుట్టకుదురు మీద పడింది. నేతవాళ్ల పిల్ల కదా, పాత చీర చించి, మధ్యలో కన్నం వదిలి మెత్తగా గుండ్రంగా చుట్టి, నూలుతో కుట్టి దిండు మీద పెట్టింది. "వాడి తలకాయేమన్నా బిందెటే?" అంది మా అమ్మ. మా ఆవిడ మాత్రం రోజూ రాత్రి ఆ కన్నంలో నా చెవిని తన చేత్తోనే సర్ది, "కదలకండి" అనేది.

రెండు నెలల్లో బుడిపె పోయింది. ఆ సంగతి మాత్రం చెప్పలేదు. ఆ చెయ్యి రావడం మానేస్తుందేమోనని, "ఇంకా సలుపుతోందే" అంటూనే ఇన్నేళ్లు గడిపాను. మొన్న ఒప్పేసుకున్నాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి, "మానిన చెవి నా చేతికి తెలియదుటండీ?" అంటూ కొత్త చుట్టకుదురు కుట్టడంలో పడింది. వేళ్లు వణికి ఈసారి అది గుండ్రంగా రాలేదు. "బ్రహ్మాండంగా ఉంది" అన్నాను.

(ఇందులో కోత లేదు.)