గోవిందన్న ఎత్తిన చెయ్యి

గోవిందన్నకు ఒక్కటే పిచ్చి. రోడ్డు మీద చక్రమున్నది ఏది కనపడినా చెయ్యెత్తి ఆపుతాడు. ఆపుతాడు గానీ ఎక్కడు.

"యాడినుంచి వస్తాండావప్పా? యాడికి పోతాండావు? ఏమేసుకున్నావు బండ్లో?"

మూడే మాటలు. జవాబు పూర్తిగా వింటాడు. "సరే, పదిలంగా పో" అంటాడు. వెనక్కి వచ్చి తన గొట్టం మీద కూర్చుంటాడు. ఆయనకు ఎక్కడికీ పోయే పని లేదు.

గొట్టమంటే నల్లవంక మలుపులో పడి ఉన్న పెద్ద సిమెంటు గొట్టం. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే పాత రోడ్డు అక్కడే వంక దాటుతుంది. మూడేళ్ల కింద వానలకు కల్వర్టు ఒక పక్కకు కుంగింది. బాగుచేస్తామని ఎవరో వచ్చి గొట్టం దించిపోయారు. గొట్టం వచ్చింది, మనుషులు రాలేదు. లారీలు, కార్లు మిగిలిన పక్కన ఎట్లాగో దాటిపోతాయి గానీ, ఆర్టీసీ బస్సు ఆగిపోయింది. గోవిందన్న మొదలయ్యాడు.

గొట్టానికి ఎదురుగా అంజినమ్మ రేకుల హోటలు. ఆమె బొరుగులు నానేసి ఉగ్గాని కలుపుతుంది, బజ్జీలు వేస్తుంది. కూతురు జ్యోతి టీ ఇస్తుంది. జ్యోతికి మాట తక్కువ, చూపు ఎక్కువ. గిరాకీతో ఆమె మాట్లాడే పెద్ద వాక్యం "చక్కెర ఎయ్యల్లా?" అనేదే. బస్సు ఆగిన ఏడు ఆ పిల్ల ఎమ్మిగనూరులో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతుండేది. బస్సుతోపాటు చదువూ ఆగింది. ఆ పుస్తకాలు ఇప్పటికీ బొరుగుల డబ్బా మీద ఉన్నాయి. అమ్మ నెలకోసారి వాటి మీద నూనె మరకలు తుడుస్తుంది.

ఆ హోటలు గుంజకు ఆనుకుని జ్యోతి చూసిన వింతలు ఒకటా రెండా! ఒకసారి గోవిందన్న పెళ్లి కారును ఆపాడు. "ఏమేసుకున్నావు బండ్లో?" అనడిగాడు. కొత్త పెళ్లికొడుకు బాసికం సర్దుకుంటూ, "పెండ్లికూతుర్ని" అన్నాడు. గోవిందన్న తల లోపలికి పెట్టి సరిచూసుకుని మరీ, "సరే, పదిలంగా పో" అన్నాడు.

శ్రావణంలో ఉరుకుంద ఈరన్న తిరునాళ్లకు పోయే వ్యానులను పోయేటప్పుడూ ఆపుతాడు, వచ్చేటప్పుడూ ఆపుతాడు. "ఏమప్పా, పొద్దున్నే చెప్తిమి గదా!" అని జనం గోలపెడితే, "పొద్దున జుట్టుండె. ఇప్పుడు గుండ్లుండాయి. లోడు మారింది గదా!" అంటాడు.

అన్నిటికంటే పెద్ద వింత పోలీసు జీపు. దానికీ చెయ్యి లేచింది. ఎస్సై కిటికీలోంచి తొంగి చూశాడు. గోవిందన్న గొంతులో ఏ మహిమ ఉందో, ఆ మహానుభావుడు, "ఎమ్మిగనూరు నుంచి... ఆదోనికి... ఒక దొంగను" అని మూడింటికీ వరసగా జవాబు చెప్పేశాడు. "సరే, పదిలంగా పో" అనిపించుకున్నాడు కూడా. జీపు వంద గజాలు పోయాక కీచుమని ఆగింది. ఎస్సై దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, నన్ను అడగడానికి వీడెవడన్నట్టు చాలాసేపు చూశాడు. అప్పటికి గోవిందన్న ఒక ట్రాక్టరుతో తీరిక లేకుండా ఉన్నాడు.

"ఎద్దులమ్మిన పొద్దే మతి గూడా వాటెంట సంతకు పోయింది ఆ మనిషికి" అనేది అంజినమ్మ.

జ్యోతి నవ్వేది కాదు. ఆయన చెయ్యెత్తినప్పుడల్లా తలకాయ గుంజ వెనక్కి దాచుకునేది. డ్రైవర్ల తిట్లు తనకే తగిలినట్టు ఉండేది.

ఈ ఏడు పత్తి ఏరే కాలంలో ఒక వ్యాను వచ్చి మలుపులో ఆగింది. ఆరెంజి చొక్కాలు తొడుక్కున్న నలుగురు దిగారు. రోడ్డుకు అడ్డంగా ఎరుపూ తెలుపూ చారల కట్టెలు పెట్టారు. వాళ్ల పెద్ద దినేష్ అనే కుర్ర ఇంజనీరు, చేతిలో పలకలాంటి ఫోను. మొదట వచ్చింది పాల వ్యాను. దినేష్ చెయ్యెత్తాడు.

"ఎక్కడి నుంచి వస్తున్నారు? ఎక్కడికి వెళ్తున్నారు? బండిలో ఏముంది?"

అంజినమ్మ బాణలిలో బజ్జీలు మాడిపోయాయి. జ్యోతి వంచిన టీ గ్లాసు నిండి, పొర్లి, బల్ల దిగి కారింది. గొట్టం మీద గోవిందన్న మెల్లగా లేచి నిలబడ్డాడు. మూడేళ్లలో మొదటిసారి ఒక బండి ఆయన ఆపకుండానే వెళ్లిపోయింది.

"ఏమప్పా," అన్నాడు ఇంజనీరు దగ్గరికి పోయి, "ఇట్ల అడిగేదానికి నీకు జీతమిస్తారా?"

"ఇస్తారు."

"నెలనెలా?"

"నెలనెలా."

"ఈ అడిగేదాన్ని యాడన్నా చదువుకున్నావా?"

"నాలుగేళ్లు చదివాను పెద్దాయనా."

గోవిందన్న అంజినమ్మ వైపు తిరిగి చూసిన చూపుకు ఆమె బాణలిలోకి తల వంచుకుంది.

తర్వాత టీ తాగుతూ దినేష్ సంగతి చెప్పాడు. కర్ణాటక సరిహద్దు వైపు నుంచి ఆదోని మార్కెట్టుకు బండ్లు ఏటేటా పెరుగుతున్నాయి. ఈ పాత రోడ్డును వెడల్పు చేసి, వంక మీద వంతెన కట్టాలని కాగితం ఒకటి నడుస్తోంది. కానీ నిధులు ఊరికే రావు. ఎన్ని బండ్లు తిరుగుతాయి, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతాయి అనే లెక్క పైకి పోవాలి. దానికి మూడు రోజులు. లెక్క తక్కువొస్తే ఆ డబ్బు ఇంకో రోడ్డుకు పోతుంది.

"అప్పుడు బస్సు?" అని ఎవరో అడిగారు. అడిగింది తానేనని తెలిసి జ్యోతి తానే అదిరిపడింది.

"వంతెన లేనిదే బస్సెట్లా వస్తుందమ్మా?"

మొదటిరోజు సాయంత్రానికి వచ్చినవి అరవై ఒక్క బండ్లు. అందులో నలభై మోటారు సైకిళ్లు. జ్యోతి నమ్మలేకపోయింది. మామూలు రోజుల్లో పత్తి లారీల దుమ్ముకు బజ్జీల మీద మూత తియ్యనిచ్చేది కాదు ఆ రోడ్డు. రెండో రోజు మధ్యాహ్నానికి ఇరవై కూడా లేవు. ఒక కుక్క వచ్చి రోడ్డు నట్టనడుమ పడుకుని, వెల్లకిలా తిరిగి, ఎండకు పొట్ట కాచుకుంది.

"రోడ్డు బాగలేదని విన్నాను గానీ, ట్రాఫిక్కే లేదని ఎవరూ చెప్పలేదు" అన్నాడు దినేష్.

గోవిందన్న పైకెత్తిన చెయ్యి ఎవరికోసం దించాలో తెలియక అట్లాగే పెట్టుకుని నిలబడ్డాడు.

గుంజ దగ్గరి జ్యోతి మాత్రం దూరంగా చూస్తోంది. ఎమ్మిగనూరు వైపు నుంచి దుమ్ము లేస్తోంది. లేచి, నల్లవంక దాకా రాకుండా, రోడ్లు చీలే క్రాసు దగ్గర వంగి, చుట్టు తిరిగే పెద్ద రోడ్డు వైపు పోతోంది. ఒకటి. రెండు. పది. ఆ పిల్ల ఎప్పుడూ చెయ్యని పని చేసింది. హోటలు దిగి, రోడ్డు దాటి గొట్టం దగ్గరికి పోయింది.

"పెద్దనాయనా, బండ్లు లేక కాదు. దుమ్ము సూడు, క్రాసు కాడ అట్ల తిరుక్కుంటాండాయి."

గోవిందన్న చూశాడు. చెయ్యి దించాడు. "పా పాపా" అని పంచె ఎగ్గట్టాడు. ఇద్దరూ క్రాసు దాకా దాదాపు పరుగెత్తారు.

అక్కడ ఇస్మాయిల్ లారీ అప్పుడే తిరుగుతోంది. ఆదోనికి పత్తి తోలే ఇస్మాయిల్‌ను గోవిందన్న వారానికి నాలుగుసార్లు ఆపుతాడు. చెయ్యి లేచింది. లారీ ఆగింది.

"ఏమిరా, చుట్టు తిరిగి పోతాండావు?"

"అరె చాచా, నీకు తెలీదా? నల్లవంకలో చెకింగ్! ఆరెంజి చొక్కాలోళ్లు బండ్లాపి లోడెంత, యాడిది అని అడుగుతాండారంట. ఎమ్మిగనూరు కాడే చెప్పినారు. రాయచూరు దాకా వాట్సాపులో పోయింది."

జ్యోతి నెత్తి కొట్టుకుంది. ఈ రోడ్డుకు డబ్బు తెచ్చేదానికి వచ్చిన మనుషులను చూసి, రోడ్డు రోడ్డంతా పారిపోయింది!

"చెకింగ్ కాదురా నాయనా" అన్నాడు గోవిందన్న. "నా పనే వాళ్లూ చేస్తాండారు. నాకు జీతం లేదు, వాళ్లకుండాది. అంతే తేడా."

"ఫైను ఎయ్యరా?"

"మూడేండ్లుగా అడుగుతాండా, ఒక్క పైసా ఏసినానా నీకు?"

ఇస్మాయిల్ ఆలోచించాడు. ఫోను తీశాడు. "భాయ్, నల్లవంక మీదనే రాండి. గోవింద్ చాచా గ్యారంటీ" అని మాట రికార్డు చేసి గ్రూపులో వదిలాడు.

మూడో రోజు తెల్లారేసరికి లారీలు, వ్యానులు, ట్రాక్టర్లు, మిరప మూటల ఆటోలు బారులు తీరి ఉన్నాయి. గోవిందన్న క్రాసు దగ్గరే పొద్దంతా చెయ్యెత్తి ఒక్కొక్కదాన్ని పాత రోడ్డుకు మళ్లించాడు. మళ్లించేముందు మూడు మాటలూ అడగడం మానలేదు. మలుపులో దినేష్ మళ్లీ అడిగితే డ్రైవర్లు, "ఒకే రోడ్డుకు ఎన్నిసార్లప్పా? ఆడ మీ పెద్దసారుకు చెప్పొస్తిమి గదా!" అన్నారు.

దినేష్ పొంగిపోయి పెద్దసారుకు ఒక ఆరెంజి చొక్కా పంపాడు. "వద్దు నాయనా, దాన్ని చూసే గదా వాళ్లు పారిపోయింది!" అని గోవిందన్న వెనక్కి పంపాడు.

సాయంత్రానికి లెక్క నాలుగువందలు దాటింది. మొదటి రెండు రోజులు ఎందుకు ఎండిపోయాయో రాసి, మళ్లీ లెక్కకు ఇంకో రెండు రోజులు అడిగి తెచ్చుకున్నాడు దినేష్. ఆ సంబరంలో ఇస్మాయిల్‌తో టీ తాగుతూ అడిగాడు:

"ఆయనకు ఈ అలవాటెట్లా వచ్చింది?"

"పిచ్చనుకునేరు సార్. కల్వర్టు కుంగి బస్సాగిన కొత్తలో నన్నాపి ఏమడిగినాడో తెలుసా? 'పొద్దున ఎనిమిదికి ఎమ్మిగనూరు పోయి, సాయంత్రం ఐదుకు తిరిగొచ్చే బండుందా? బండ్లో ఆడమనిషి ఉండల్ల. డ్రైవరు తాగకూడదు' అని. నేను నవ్వినా. ఏ వీఐపీకి చాచా, అంటే, 'మా ఊర్లో చదువుకునే పాప ఉండాది' అన్నె. అట్లాటి బండి దొరకలే. కొత్త బండొస్తే ఇదన్నా పోతాదేమో అని అడగడం మాత్రం ఇడిసిపెట్టలే."

జ్యోతి చేతిలోంచి గ్లాసు జారింది. స్టీలుది కాబట్టి బతికిపోయింది. మూడేళ్లలో ఆయనకు వెయ్యి టీలు ఇచ్చి ఉంటుంది. చక్కెర సంగతి తప్ప ఇంకో మాట అడిగింది లేదు.

ఆ సాయంత్రం టీ పట్టుకుని తనే క్రాసు దాకా నడిచింది.

"పెద్దనాయనా, నాకేల చెప్పలేదు?"

ఆయన దొంగలా దొరికిపోయాడు. చెవి గోక్కున్నాడు. "దొరికినాంక చెప్దామనుకున్నా పాపా. దొరకని బండిని ఏమని చెప్పేది?" అన్నాడు. అంతలో ఏదో మోపెడ్ రావడం ఆయనకు ప్రాణం పోసినట్టయింది. చెయ్యెత్తేశాడు.

నిధులు వచ్చాయి. రోడ్డు పని ఇంకా నడుస్తూనే ఉంది గానీ వంక మీద వంతెన ముందే లేచింది. పాత గొట్టం దేనికీ పనికిరాదని తేల్చారు. గోవిందన్న కూర్చోడానికి తప్ప.

వంతెన మీద మొదటి బస్సు వచ్చిన పొద్దున జ్యోతి పుస్తకాల సంచితో నిలబడింది. గోవిందన్న లేచి చెయ్యెత్తాడు. బస్సు ఆగింది. ఆయన నోరు తెరిచేలోపే డ్రైవరు కిటికీలోంచి అడిగాడు:

"యాడికి పోవల్ల పెద్దాయనా?"

గోవిందన్న నిలువునా కొయ్యబారిపోయాడు. ఇన్నేళ్లలో ఈ మాట ఆయన్ను ఎవరూ అడగలేదు. అటు చూశాడు, ఇటు చూశాడు. "నేనా?" అన్నాడు.

"ఎమ్మిగనూరుకే" అంది జ్యోతి మెట్టు మీద నుంచి, బస్సంతా వినపడేంత గట్టిగా. "ఎక్కు పెద్దనాయనా!"

కండక్టరు జ్యోతికి ఆడవాళ్ల ఉచిత టికెట్టు కొట్టి, గోవిందన్న కోసం వెనక్కి తిరిగాడు. ఆయన అక్కడ లేడు. మొదటి సీటు దగ్గర కమ్మీ పట్టుకుని, ఒక ముసలామె మీదికి వంగి ఉన్నాడు.

"యాడినుంచి వస్తాండావమ్మా? యాడికి పోతాండావు? ఏముండాయి సంచిలో?"

"పెద్దాయనా," అన్నాడు కండక్టరు నోరెళ్లబెట్టి, "అది నా పని!"