జైల్లో నాన్న రాణి వేషం

యుద్ధం రోజులు. సోలాపూర్ నేతగాళ్ల పేటలో ఉండేవాళ్లం. నాకప్పుడు పదేళ్లు. మిల్లులో కూలీల మీద పెత్తనం చేసే ముకద్దంతో కొట్లాడి అతని చెయ్యి విరగ్గొట్టినందుకు నాన్న జైల్లో ఉన్నాడు. అక్కడి ఖైదీలకు ఒక మాస్టారు నాటకం నేర్పించాడు. చూడటానికి ఊళ్లోవాళ్లతో పాటు ఖైదీల ఇంటివాళ్లనూ రానిచ్చారు. అమ్మా నేనూ వెళ్లాం.

నాన్న చీర కట్టుకుని రాణి వేషంలో వచ్చాడు. మా వెనక ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

"అగ బాయీ, గా రాణి నడక సూడుండ్రి! మగ్గం దిగొచ్చినట్టుంది. ఎవలి మొగడే గాయన?"

నేను తల దించుకున్నాను. బిడ్డను పోగొట్టుకున్న రాణి పాడే ఏడుపు పాట మొదలైంది. పాడుతూనే నాన్న మమ్మల్ని చూశాడు. అంతే, పాట ఆగిపోయింది. జనం ఈలలు వేశారు. నేనక్కడ లేకుండా పోతే బాగుండనిపించింది.

అమ్మ లేచి నిలబడింది.

"ఆపకుండ్రి, పాడుండ్రి! మీ పాట ఇననీకే వచ్చినం" అని అందరికీ వినబడేలా అంది.

తలలన్నీ మావైపు తిరిగాయి. నేను సిగ్గుతో చచ్చిపోతూ అమ్మ కొంగు లాగి, "కూసోవే అమ్మా" అన్నాను. అమ్మ కూర్చోలేదు. నాన్న మళ్లీ అందుకుని చివరిదాకా పాడాడు. వెనక ఎవరూ నవ్వలేదు.

నాన్నను చూసి పడ్డ సిగ్గు ఆ పాటతోనే పోయింది. అమ్మను కూర్చోమని లాగినందుకు మాత్రం ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.