రెండు ముళ్లు వేసిన చేతులు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. నిజం చెప్పాలంటే ఇన్నేళ్లూ నేను హాయిగానే ఉన్నాను. అలా ఎలా ఉండగలిగానన్నదే ఇప్పుడు తొలుస్తోంది.

తాడేపల్లిగూడెం దగ్గర మా కాలువకి పూడిక తీసి, గట్లు బాగుచేసి, షికారు పడవలు వదిలిన కొత్తలో సంగతి. నేను లెక్కల మాస్టారిని. ఆదివారం వస్తే పొద్దున్నే అక్కడే ఉండేవాణ్ణి. నాకు తెడ్డు వేయడం నేర్పింది యేసుపాదం గారు. నీళ్ల మీద తేలే గుర్రపు డెక్క మొక్కలు కొట్టుకొచ్చి పడవలకి అడ్డం పడకుండా, ఎగువన కాలువకి అడ్డంగా వెదురు బొంగులు కట్టి చూసుకోవడం ఆయన పని.

ఒక ఆదివారం ఆయన ప్రార్థనకి వెళ్లారు. ఆ వెదురు కట్టుకి అవతల ఎలా ఉంటుందో చూడాలని నాకు బుద్ధి పుట్టింది. తాడు విప్పి, పడవ జరుపుకుని వెళ్లాను. ఎంత బాగుందో చెప్పలేను. రెండు గట్లా వరిచేలు, కొల్లేటి వైపు నుంచి వచ్చిన కొంగలు, మనిషన్నవాడు లేడు. ఆయన ఎప్పుడూ రెండు ముళ్లు వేసే ఆ తాడుకి, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒక్క ముడితో సరిపెట్టేశాను. ట్యూషన్‌కి టైమైపోతోంది మరి.

మర్నాటికి ముడి జారి, కాలువ నిండా డెక్క కమ్మేసింది. పడవలు ఆగిపోయాయి. పడవల కాంట్రాక్టరు అందరి ముందూ యేసుపాదం గారిని నిలదీశాడు. ఆయన నావైపు తిరిగారు.

"శనివారం సాయంత్రం రెండు ముళ్లూ వేశానండి. మీరు పక్కనే ఉన్నారు కదండీ మాస్టారూ, చూశారు కదండీ?"

"ఏమోనండి, నేను గమనించలేదండి."

ఆయన కాసేపు తన చేతుల వంక చూసుకున్నారు. "అయితే నేనే మర్చిపోయుంటానండి," అన్నారు.

ఆయన్ని పనిలోంచి తీసేశారు. తర్వాత నేనే మాట్లాడి చేపల చెరువు దగ్గర కాపలా పనిలో పెట్టించాను. దాంతో చెల్లుకు చెల్లు అనుకున్నాను. కానీ ఆ రోజు నుంచి ఆయనకి తన మీద తనకే నమ్మకం పోయింది. తలుపు గడియ పెట్టి మళ్లీ వెనక్కొచ్చి చూస్తారు. పెట్టానా అని భార్యని అడుగుతారు.

ఇప్పటికీ ఆదివారాలు ఇద్దరం పడవెక్కుతాం. నేను తెడ్డు వేస్తుంటే ఆయన వేరుశెనక్కాయలు ఒలిచి నా చేతిలో పెడతారు. ఆయనకి తెడ్డు ఇవ్వబోతే మాత్రం తీసుకోరు, మతిమరుపు మనిషినని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. సిగ్గులేదూ నాకు?

అప్పుడు ఎందుకు భయపడ్డాను? ఉద్యోగం పోయేదా, జైల్లో పెట్టేవారా? ఏమీ లేదు. మళ్లీ పడవ ఇవ్వరేమోనని, అంతే. ఆ మాత్రం షికారు కోసం ఒక పెద్దమనిషికి తన మతి మీద తనకే అనుమానం పుట్టించాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఎక్కడో ఒకచోట సూటిగా చెబితే ఊపిరాడుతుందని రాస్తున్నాను. యేసుపాదం గారికి మతిమరుపు లేదు. ఆ శనివారం ఆయన రెండు ముళ్లూ వేశారు. నేను పక్కనే నిలబడి చూశాను.