మా అక్క మీద రాసిన కథ

పాత కథల్లో ఉద్యోగం చేసే ఆడవాళ్లను ఎలా చూపించేవారో కాలేజీలో వ్యాసం రాయాలట, నువ్వూ రాసేవాడివట కదా తాతయ్యా, ఒక్క కథ ఇవ్వమని నిన్న మా మనవరాలు అడిగింది. ఏవీ దాచుకోలేదని అబద్ధమాడాను. ఉన్న ఒక్క కథను ఆ పిల్ల చేతికివ్వడానికి సిగ్గేసింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు, నేను కరీంనగర్‌లో గుమాస్తాగా చేరిన కొత్తలో, మా చిన్నమ్మ కూతురు, నాకంటే మూడేళ్లు పెద్దదైన అక్క, బెల్లంపల్లిలో పంతులమ్మగా పనిచేసేది. గని కార్మికుల ఇళ్ల మధ్య గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేది, చేతికి గడియారం పెట్టుకుని సైకిల్ మీద బడికి పోయేది, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వేది. బొగ్గుపొడికి తన తెల్లచీరలన్నీ బూడిదరంగుకు తిరిగాయని ఉత్తరాల్లో రాసేది. నా కథలు మొదట చదివేదీ ఆమే, అక్షరదోషాలు దిద్ది మరీ పంపేది.

అప్పటి పత్రికల్లో ఉద్యోగం చేసే ఆడది చివరికి చెడిపోవాలి, లేదా ఏడుస్తూ ఇల్లు చేరాలి. నేనూ అలాంటిదే ఒకటి రాశాను. గడియారం, సైకిల్, నవ్వు, బొగ్గు చీరలు అన్నీ అక్కవే; తోటి పంతులు చేతిలో మోసపోవడం, గోదావరిలో దూకడం మాత్రం నేను కల్పించినవి. ఆ ఒక్క కథను ఆమెకు ముందుగా పంపలేదు, అంటే తప్పని నాకు తెలుసన్నమాటే. వారపత్రికలో అచ్చయ్యాక ఆఫీసంతా మెచ్చుకుంటే పొంగిపోయాను.

చెన్నూరులో మా చిన్నాయనకు దాన్ని చాయ్ హోటల్లో ఎవరో చదివి వినిపించారట. సైకిలూ చీరలూ కూతురివేనని పోల్చుకున్న మనిషి, మిగిలింది కల్పన అంటే ఎలా నమ్ముతాడు? ఆ వారమే పోయి, ఉద్యోగం మాన్పించి ఆమెను ఇంటికి తీసుకొచ్చాడు.

తెలిసి పరుగున పోయాను గాని, చిన్నాయన ముఖం చూసి, మిగిలింది నా కల్పనేనని చెప్పకుండానే లోపలికి నడిచాను. లోపల అక్క బియ్యం ఏరుతోంది.

“అది కథనే గదక్కా,” అన్నాను.

“నీకు కథనే తమ్మీ. బాపుకు నిజమాయె, నాకు నౌకరి పాయె,” అన్నది తలెత్తకుండా. “గా పిల్లను సంపకుంటె నీ కథ నడ్వకపోవునా?” అని అడిగింది.

తిరుగు బస్సెక్కాను. మరుసటేడు ఆమెకు పెళ్లి చేశారు. మళ్లీ ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఎప్పుడు పోయినా నాకు అన్నం పెట్టేది, ఆ కథ ఊసెత్తేది కాదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పటి కథల్లో ఆడవాళ్లు ఒంటరిగా ఉంటారు, తప్పులు చేసినా బతికే ఉంటారు; చాలావరకు వాళ్ల కథలు వాళ్లే రాసుకుంటున్నారు. కాలం దానంతటదే మారిందని మా ఈడువాళ్లం అనుకుంటాం గాని, మావంటివాళ్లం కలం పక్కన పెట్టాకే కొంత మారిందేమో. అక్క పోయి ఆరేళ్లయింది. క్షమించమని ఒక్కసారైనా నోరు తెరిచి అడగలేకపోయాను.