రెండు పద్యాలు బాగున్నాయి

రాజమండ్రిలో నేను చదివిన కాలేజీ పుస్తకశాలలో ఒక గుమాస్తాగారు ఉండేవారు. కొత్త పుస్తకం వస్తే ముక్కుపొడుం పీల్చి, వరండాలో నిలబడి, అదెలా ఉందో కూడా కలిపి కేకేసి చెప్పేవారు. మొహమాటమన్నది ఆయన ఎరగరు.

ఒకసారి ఆయనకు ఆ ఉద్యోగం వేయించిన తెలుగు పండితుడుగారి శతకమే అచ్చయి వచ్చింది. పండితుడుగారు పట్టుశాలువా కప్పుకుని ఎదురుగా నిలబడ్డారు.

"పండితులవారి శతకం వచ్చిందండీ! రెండు పద్యాలు బాగున్నాయండీ!"

ఉద్యోగం ఊడిందనుకున్నాం. పండితుడుగారి మొహం కందగడ్డలా అయింది.

"ఏ రెండయ్యా?"

"అది చెప్పేస్తే మిగతావి ఎవరు చదువుతారండీ?"

ఆ వారమంతా ఆ పుస్తకం కోసం మేం కొట్టుకున్నాం. పండితుడుగారు మమ్మల్ని ఒక్కొక్కరినీ చాటుకు పిలిచి, "నీకు తెలిసిందిరా?" అని అడిగేవారు. ఆ రెండూ ఏవో తేలేదాకా గుమాస్తాగారిని తీసేయించడానికి ఆయనకు మనసొప్పలేదు. గుమాస్తాగారు చివరిదాకా చెప్పనేలేదు.