గంగ పుట్టిన స్తంభం

మా చిన్నప్పుడు... గోదారికి ఎర్రనీళ్ళు రాకముందే, ఆషాఢంలో, మా అమ్మ ఒక కొత్త కొబ్బరితాడు, గిన్నెలో పసుపు పట్టుకుని ఏటిగట్టు మీది రాతిమండపానికి వెళ్ళేది. చెంబుతో నీళ్ళు మోసుకుంటూ వెనకాలే నేను...

ఆ మండపం ఏ రాజు కట్టించాడో మాకెవరికీ తెలియదు. వెనకాల గుడి ఉండేదని, ఎప్పుడో ఏరు కోసుకుపోయిందని, ఇది మాత్రం మిగిలిందని పెద్దవాళ్ళు చెప్పేవారు. గోడల్లేవు. నల్లరాతి స్తంభాలు, పైన రాతికప్పు... అంతే. పడవలవాళ్ళు అందులో వండుకునేవారు. కొన్నాళ్ళు బడి నడిచింది. నాకొచ్చిన నాలుగు అక్షరాలూ అక్కడివే. నూర్పిళ్ళప్పుడు మబ్బు పడితే ధాన్యం బస్తాలు అక్కడికే చేరేవి.

వరదొస్తే మాత్రం అది ఊరందరి ఇల్లు.

ఏటి మధ్య మా లంక ఊళ్ళో ఒక్కో ఇంటికి ఒక్కో స్తంభం. ఎవరు పంచారో ఏమో, తాతల నాటి నుంచీ అంతే. ఎవరి స్తంభానికి వాళ్ళు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్త తాడు చుట్టి ఉంచాలి. నీళ్ళు తరుముకొచ్చినప్పుడు గొడ్డుని కట్టుకోవడానికి తాడు వెతుక్కోకూడదని... మా స్తంభం మీద ముక్కు విరిగిన హంస ఉండేది.

ఒక ఏడు అమ్మకి నెలలు నిండి ఉండగా వరద వచ్చింది. మా స్తంభానికీ పక్క స్తంభానికీ చీరలు కట్టి అమ్మని పడుకోబెట్టారు. నేను మెట్ల మీద కూర్చుని, నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయా అని చూస్తూ ఏడుస్తున్నాను. ఈ బెంగ నాకు ఆ రోజు పట్టుకున్నదే... ఇంకా వదల్లేదు.

బిడ్డ ఏడుపు వినగానే పక్క స్తంభం సూరమ్మత్త తొంగి చూసి, “ఉన్న చోటే చాలట్లేదు, ఇంకో మనిషిని దింపేశావా వదినా. మా వైపు మాత్రం జరక్కు” అంది. అంత నీరసంలోనూ అమ్మ నవ్వింది.

అదే నా చెల్లెలు. గంగ అని పేరు పెట్టారు.

గంగకి ఆ మండపం అంటే ఎంత గొప్పో... నాతో దెబ్బలాట వచ్చినప్పుడల్లా, “నువ్వు మట్టింట్లో పుట్టావే, నేను రాజుగారి మేడలో పుట్టాను” అని వెక్కిరించి, పరుగెత్తుకెళ్ళి ఆ హంసని వాటేసుకునేది.

నన్ను ఆత్రేయపురం దగ్గరి ఊరికి ఇచ్చారు. గంగని సొంత ఊళ్ళోనే ఇచ్చారు. అమ్మ పోయాక ఆషాఢం తాడు గంగే కట్టేది.

తొంభైల్లో మా వైపు ఎక్కడ చూసినా రొయ్యల చెరువులే. మండపాన్ని వేలంపాటకి పెట్టారు. పాడుకున్న పొరుగూరాయన స్తంభాల మధ్య ఇటుక గోడలు కట్టి, ఇనపగేటు పెట్టి, లోపల రొయ్యల మేత బస్తాలు వేశాడు. అప్పటికి బడికి కొత్త బిల్డింగు వచ్చింది కదా... ఇంక మండపం ఎందుకనుకున్నారో ఏమో, ఎవరూ పెద్దగా అడ్డు చెప్పలేదు.

మా స్తంభం లోపల ఉండిపోయింది. గంగ ఊరుకుందా... ఆ గేటుకే పసుపు రాసి, గేటు ఊచకే తాడు చుట్టి వచ్చేది. రేపు నీళ్ళొస్తే ఆ తాళం ఎవరు తీస్తారే అని, వెళ్ళినప్పుడల్లా అడిగేదాన్ని.

“నీళ్ళొస్తే ఎవరైనా తాళం వేసుకుంటారేంటే అక్కా” అని నవ్వేది.

దీపావళికి ముందు వచ్చింది ఆ తుఫాను. ఊరంతా బడి బిల్డింగుకి పోయింది. గంగ మొగుడు పిల్లలిద్దరినీ ఎత్తుకుని వెళ్ళాడు. బళ్ళోకి గొడ్లని రానివ్వలేదట. గంగకి ఒక పెయ్యదూడ ఉండేది. “దీన్ని మన స్తంభానికి కట్టేసి వచ్చేస్తా, మీరు నడవండి” అందట.

గేటుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి పాడుకున్నాయన దగ్గర, వాళ్ళ ఊళ్ళో...

తిరిగి రావడానికి దారి లేకుండా నీళ్ళు కమ్మేశాయి. తెల్లారి వెళ్ళినవాళ్ళు చూశారు... తాడు ఒక కొస గేటు ఊచకి, రెండో కొస గంగ నడుముకి. దూడని ముందే వదిలేసినట్టుంది. అది ఎక్కడో గట్టు మీద బతికే దొరికింది.

రాయి కదల్లేదు. గోడ పడలేదు. లోపల పైవరస బస్తాలు తడవను కూడా లేదట.

తర్వాత కొన్నేళ్ళకి ఎవరో ఆఫీసర్లు వచ్చి, ఇది చాలా పాత కట్టడమని ఇటుక గోడలు తీయించేశారు. రాళ్ళు కడిగారు. చుట్టూ కంచె వేసి, రాజుగారి పేరుతో బోర్డు పెట్టారు. నేను వెళ్ళి చూశాను. మళ్ళీ నాలుగు వైపులా గాలి... మా హంస అలాగే ఉంది. కొంగులోంచి పసుపు తీయబోతే కాపలా అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు.

“రాయకూడదండి మామ్మగారూ, రాయి పాడైపోద్ది.”

“రాయనులే నాయనా. వానాకాలం మాత్రం ఆ కంచెకి తాళం వెయ్యకు” అన్నాను.

అలాగేనండి అన్నాడు, పాపం. సాయంత్రం నేను గట్టు దిగుతుంటే వెనకాల తాళం పడిన చప్పుడు వినబడింది.

ఇప్పుడు అందరికీ డాబాలే, మండపం ఎవరికి కావాలి అంటారు మా పిల్లలు. నిజమే అయ్యుండొచ్చు... కానీ మబ్బు పట్టిందంటే నాకు అన్నం దిగదు.

మీ ఊళ్ళో కూడా వరదొస్తే అందరూ ఎక్కే చోటు ఒకటి ఉండే ఉంటుంది. అది ఎలా ఉండేదో చెప్పండి, వింటాను... అలాగే, దానికెవరైనా తాళం వేశారేమో, వానలు పడకముందే ఒక్కసారి వెళ్ళి చూసి రండి.