ఎనిమిది లెక్కల ఖాళీ

మా బ్యాండు మాస్టర్ పోయిండు. మొన్న మంగళవారం పొద్దుగాల, భైంసల, తన ఇంట్లనే, మంచం మీదనే పోయిండు. ఆ మాట బజార్ల మొదలు చెప్పింది నేనే. ఒక్కడు నమ్మలే. "నీ నోట్లె మన్నువడ, పోయినేడు మా మామను గూడ గిట్లనే సంపితివి గదరా" అన్నడు చాయ్ హోటలాయన. నిజమే. బతికున్నోళ్లను ఇద్దరిని ఇదివరకు నేను నోటితోని చంపిన. అండ్ల ఒకాయన ఇంటికి జనం పూలదండ తీస్కపోతే ఆయన గడ్డం గీస్కుంట కూసున్నడు. అందుకే మాస్టర్ పోయిండని నమ్మించెటానికి నేను నడి బజార్ల ఏడ్వాల్సొచ్చింది. ఏడుపు మాత్రం నకిలీ కాదు.

ఈ దిక్కు పెండ్లి చేసుకున్నోళ్లల్ల సగం మంది బరాతుల ముంగట ఆయన నడిచే ఉంటడు. ఎర్రకోటు, చెవి మీద సగం కాల్చిన బీడీ. ఫిడేలు పట్టె ముందు దస్తీతోని దాన్ని తుడిచి, తర్వాత మమ్ముల ఒక్కొక్కని చూసెటోడు, మమ్ముల గూడ తుడవాలె అన్నట్టు. నేను సైడ్ డ్రమ్ము. ఇరవై ఏండ్లు ఆయన ఎనక నడిచిన. "తప్పు వాయిస్తే గట్టిగ వాయించుర బద్మాష్. మెల్లగ తప్పు వాయించెటోడు దొంగ" అనెటోడు. నాలుగో తరగతిల బడి ఇడిసినోన్ని నేను. నాకు వచ్చిన అక్షరాలు తక్కువ, బుద్ధి ఇంకింత తక్కువ. ఆ ఉన్న జరంత ఆయన పెట్టిందే.

పెండ్లి పాటలు ఆయనకు పొట్టకోసం. పానమంత సినిమాల్ల మాటల కింద నడిచే వాయిద్యం మీదనే. "పాట అందరింటరు. ఆడిమనిషి తలుపు తీసెటప్పుడు సన్నగ ఫిడేలొకటి వస్తది జూడు, గది ఎవ్వడింటడు?" అనెటోడు.

ఆయన పడుచుతనంల డేరా సినిమోళ్లు ఒక బొమ్మ తెచ్చిండ్రంట. ఆయన, క్లార్నెట్ వాయించే ఆయన తమ్ముడు, డేరా గుడ్డకు బయటికెల్లి చెవి పెట్టి పద్నాలుగు ఆటలు విన్నరు. ఫిడేళ్లు అన్న చెవితోని పట్టిండు, క్లార్నెట్ తమ్ముడు పట్టిండు; ఇంటికొచ్చి ఇద్దరు కలిసి వాయించెటోళ్లు. అండ్ల ఒక సీనున్నదంట. నీళ్లల్ల మునిగిన ఊరిని ఒక ముసలామె ఒడ్డు మీద నిలవడి చూస్తది. మాట లేదు, పాట లేదు, వాయిద్యమొక్కటే. ఆ బొమ్మ మళ్ల ఈ దిక్కు రాలే, డబ్బాలు ఏడనో కాలిపోయినయని విన్నం. తమ్ముడు గత్తరొచ్చి పోయిండు. ఆ సీనుల క్లార్నెట్ ఒక్కటే మోగే ఎనిమిది లెక్కలు, అంటే ఎనిమిది తాళం దెబ్బలు, ఉంటయి, అవి వానితోనే పోయినయి.

"నీకు యాదికి లేదా మాస్టర్ సాబ్?" అని అడిగిన ఒకసారి.

"పక్కనే కూసుంటిర. నా ఫిడేలు సోకుల నేనుంటి. వాడు ఊదింది వినలే" అన్నడు.

ఐదేండ్ల కింద, మిషన్ చర్చి పాస్టర్ గారి దగ్గరికి పాటలు పట్టే టేపు మిషను వచ్చింది. మాస్టర్ పోయి బతిమిలాడిండు: ఆ ముసలామె సీను వాయిద్యమంత మేం వాయిస్తం, మీరు టేపుల పట్టుండ్రి అని. పాస్టర్ గారు మంచోడు, సరే అన్నడు. జాగ పత్తి జిన్నింగు గోదాము. పుష్యమాసం, పెండ్లిళ్లు లేవు, గోదాము నిండ పత్తి. కాని జిన్నింగు ఒక్క అమాస నాడే బంద్ ఉంటది. గట్ల అమాస నాటి పగటీలి మేం తొమ్మిది మందిమి ఆ పత్తి నడుమ కూసున్నం. చప్పట్లు కొడితే చప్పుడు చేతులకాన్నే సచ్చిపోయింది. పక్కోనితోని మాట్లాడితే నోట్లెకెల్లి మాటను ఎవరో లాక్కున్నట్టుండే.

మాస్టర్ నడుమ ఒక ఖాళీ స్టూలు ఏసిండు. "క్లార్నెట్ కాడ ఎవ్వరు వాయించొద్దు. ఎనిమిది లెక్కలు మనసుల లెక్కవెట్టుండ్రి. ఆ తావు వానిది."

అందరు తలకాయ ఊపిండ్రు. నాకు దురద వుట్టింది. దువ్వెనకు పతంగి కాగితం చుట్టి ఎప్పటి తీరుగనే జేబుల ఏసుకొని పోయిన. అది పెదవులకు పెట్టి ఊదితే అచ్చం క్లార్నెటే. ఎనిమిది లెక్కలు రాంగనే తలకాయ వంచి, డ్రమ్ము ఎనక మూతి దాసి, సన్నగ ఊదిన. పత్తిల అది పక్కోనికి గూడ ఇనరాలే, మైకు మాత్రం నా పక్కనే ఉండే.

టేపు తిప్పి వింటుంటే ఆ తావు వచ్చింది. బాకా ఊదెటోడు లేచి వాకిట్లెకు ఉరికిండు. పాస్టర్ గారు కండ్లు మూసుకున్నడు. నాకు లోపట నవ్వు పొంగుతుంది. మాస్టర్ మాత్రం తలకాయ ఎత్తలే.

"ఎవడన్న ఊదిండా?"

అందరు ఒట్లేసిండ్రు. "అవ్వతోడు మాస్టర్ సాబ్!" అన్న నేను.

"వచ్చే అమాసకు మళ్ల పడుదాం" అన్నడు, గంతే.

ఆ నెల దినాలు నాకు అన్నం సయించలే. సచ్చిన తమ్ముడే వచ్చి ఊదిండని ఊర్లె అందరికి పాకింది. గోదాము కాడ కొబ్బరికాయలు కొట్టవట్టిరి. మాస్టర్ దినాం గడ్డం గీస్కొని, కోటు గుండీలన్ని పెట్టుకొని వాయిద్యాల తాలీముకు వచ్చెటోడు. చచ్చిన తమ్మునికోసం తయారైన మనిషికి దువ్వెన తీసి చూపెట్టుడెట్ల? రెండుమార్లు ఇంటిదాక పోయిన. "ఏందిరా?" అంటే, "ఏం లేదు, బీడీ ఉన్నదా" అన్న.

మళ్ల అమాస వచ్చింది. దువ్వెన ఇంట్లనే ఇడిసిన. ఎనిమిది లెక్కలు రాంగనే కట్టెలు రెండు చేతుల గట్టిగ పట్టుకున్న. ఒకటి, రెండు, మూడు... గోదాముల చీమ నడిచినా ఇనరావాలె. ఏం లేదు. ఇగ మాస్టర్ గుండె పలుగుతదనుకున్న.

టేపు తిప్పిండ్రు.

ఉన్నది.

పత్తి బోరాల అడుగున్నుంచి వచ్చినట్టు, మంద్రంగ, సన్నగ. "అదే టేపు గదా, పాతది పూరాగ చెరగనట్టున్నది" అన్నడు పాస్టర్ గారు. అందరికన్న గట్టిగ "అవునవును" అన్నది నేనే. కాని నేను ఊదింది పైస్థాయిల, పెండ్లిల ఊదినట్టు. ఇది కిందికెల్లి వచ్చింది.

మాస్టర్ "ఇగ బంద్ జెయ్యుండ్రి" అన్నడు. మళ్ల ఎన్నడు ఆ టేపు వినిపియ్యమని అడగలే.

గీ ఐదేండ్లు ఒక్కటే ఫికర్ నాకు. నా అబద్ధాన్ని తమ్ముడనుకొనే ఈ మనిషి పోతడేమో అని. పోయినారం జబర్దస్తీ చేసుకొని పోయిన. మిట్టమధ్యాహ్నం. మంచం అంచున కూసొని, "మాస్టర్ సాబ్, ఆ దినం దువ్వెన..." అన్న.

"ఎర్కే" అన్నడు.

"ఎప్పటిసంది?"

"నువ్వు ఒట్టేసినప్పటిసంది. నిజం చెప్పెటప్పుడు నువ్వెన్నడు ఒట్టెయ్యవు." నవ్విండు, దగ్గిండు. "మెల్లగ ఊదినవుర, దొంగా."

నా నెత్తి మీది బరువంత దిగింది. "మరి రెండోసారి..." అన్న.

"రెండోసారి మొత్తం నీ మూతినే చూస్కుంట వాయించిన. నీ మూతి కదలలే."

బయట ఎండ తెల్లగ కాస్తుంది. ఆయన చెయ్యి దుప్పట్లకెల్లి మెల్లగ బయటికొచ్చింది. గడ్డం జర ఎత్తి, బరాతుల మాకు చేసినట్టే, వాయించుమని సైగ చేసిండు. చూపు నా మీద లేదు. నా భుజం మీదికెల్లి ఎనక గడప దిక్కున్నది.

నేను ఎనకకు తిరుగలే. ఆయన వేలు మంచం పట్టె మీద ఒక్కొక్క లెక్క ఏస్తుంది. తలకాయ జరంత పక్కకు వంచి, ఈసారి మాత్రం, ఆయన వింటుండు.